పోటీ కంపెనీ గురించి ఆరా తీసేటప్పుడు గీత ఎక్కడుంది

ఒక కంపెనీ ధరల పట్టిక ఉందనుకుందాం. వాళ్లే వెబ్‌సైట్లో పెట్టుకుంటే అది ప్రచారం, ఎవరైనా చూడొచ్చు. వాళ్ల కస్టమర్ దగ్గరున్న కొటేషన్‌ని మీ సేల్స్ మనిషి ఫొటో తీసుకొస్తే, ఆ కస్టమర్ చేత గోప్యత ఒప్పందం మీరించినట్టు కావచ్చు. అక్కడి సేల్స్ మేనేజరే మీ సేల్స్ మేనేజర్‌కి వాట్సాప్‌లో పంపితే, ధరల విషయంలో కుమ్మక్కయ్యారన్న కేసు కావచ్చు. వాళ్ల సర్వర్లోంచి తీస్తే అది నేరం. కాగితం ఒక్కటే, వచ్చిన దారులు నాలుగు. పోటీదారుల సమాచారం సేకరించే పనిలో చట్టమైనా నీతి అయినా మొదట అడిగేది ఆ దారి గురించే. కాబట్టి దారిని ముందే ఎంచుకోవాలి, నడుస్తూ రాసిపెట్టుకోవాలి.

చట్టం ఏ మాట పట్టుకుంటుంది

దేశదేశానికీ చట్టాలు వేరు. అయినా చాలావాటికి మూలం 1995లో అమల్లోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందం (మేధో సంపత్తి హక్కుల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం) లోని 39వ అధికరణ. దాని ప్రకారం ఒక సమాచారానికి వ్యాపార రహస్యంగా రక్షణ దొరకాలంటే మూడు షరతులు కుదరాలి. ఆ రంగంలోని వాళ్లకి మామూలుగా తెలిసినది కాకూడదు. రహస్యంగా ఉండడం వల్లే దానికి వ్యాపార విలువ ఉండాలి. సొంతదారు దాన్ని గుట్టుగా ఉంచడానికి తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలి. ఎగ్జిబిషన్ స్టాల్లో తమ చేత్తో పంచిన కరపత్రంలో ఉన్నది రహస్యం కాదు. అలాగని ఈ మూడో షరతుని మరీ సాగదీయకూడదు. తలుపు తాళం వేయడం మరిచిపోయినంత మాత్రాన లోపలికి రమ్మన్నట్టు కాదు.

ఆ అధికరణకి ఒక ఫుట్‌నోట్ ఉంది. మన పనికి అసలు కీలకం అదే. ఒప్పందం మీరడం, నమ్మి అప్పగించినదాన్ని బయటపెట్టడం, ఇంకొకరిని ఆ పనికి పురిగొల్పడం నిజాయితీ లేని వ్యాపార పద్ధతులు అంటుంది. ఇంకొకరు అలా తెచ్చారని తెలిసి తీసుకున్నా, కనీస జాగ్రత్త కూడా లేకుండా కళ్లు మూసుకుని తీసుకున్నా అదే తప్పు అంటుంది. ‘ఎలా తెచ్చావో నాకు చెప్పకు’ అనే మేనేజర్ తనని తాను కాపాడుకుంటున్నానని అనుకుంటాడు. నిజానికి ఆ మాటే ఆయన మీద సాక్ష్యం.

అమెరికాలో 1996 నాటి చట్టం వ్యాపార రహస్యాల దొంగతనానికి 10 ఏళ్ల దాకా, విదేశీ ప్రభుత్వానికి మేలు చేయడానికైతే 15 ఏళ్ల దాకా జైలు పెట్టింది. 2016లో అక్కడ ఫెడరల్ కోర్టుల్లో సివిల్ దావాకీ దారి ఇచ్చారు. అదే ఏడాది ఐరోపా సమాఖ్య కూడా ఒక ఆదేశం తెచ్చింది. భారత్‌లో దీనికంటూ విడిగా చట్టం లేదు. ఒప్పంద చట్టం, విశ్వాస భంగం సూత్రాల మీద కోర్టులు తీర్పులిస్తుంటాయి. మీరున్న దేశం, పోటీ కంపెనీ ఉన్న దేశం, మాట్లాడిన మనిషి ఉన్న దేశం ఒకటే కాకపోతే, వాటిలో ఏది ఎక్కువ కఠినంగా ఉందో దాన్నే పాటించండి.

ముందు ప్రశ్న రాయండి

‘వాళ్లేం చేస్తున్నారో కనుక్కో’ అన్న ఆదేశంతోనే సగం తప్పులు మొదలవుతాయి. దానికి అంతు లేదు కనుక, పనిచేసేవాడు ఎక్కడ దొరికితే అక్కడ చేయి పెడతాడు. ప్రశ్నని ఒక నిర్ణయానికి ముడిపెట్టి రాయండి. ‘వచ్చే 9 నెలల్లో వాళ్ల రెండో ఉత్పత్తి లైను మొదలవుతుందా? అయితే నెలకి ఎన్ని టన్నులు? దాన్నిబట్టి మనం విస్తరణ వాయిదా వేయాలా?’ ఇలా ఉంటే, జవాబుకి ఎవరి రహస్యమూ అక్కర్లేదని చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ఈ ప్రశ్ననే తీసుకుందాం. పర్యావరణ అనుమతి కోసం పెట్టిన దరఖాస్తు చాలా దేశాల్లో జనం చూడగలిగే పత్రం. అందులో ప్రతిపాదిత సామర్థ్యం, నీటి వాడకం, బాయిలర్ పరిమాణం ఉంటాయి. ఉద్యోగ ప్రకటనల్లో షిఫ్ట్ ఆపరేటర్లు ఎంతమంది కావాలో, ఏ యంత్రం మీద అనుభవం అడుగుతున్నారో చూడండి. ఆ యంత్రం అమ్మిన కంపెనీ తన ప్రచారంలో ఆర్డరు గురించి చెప్పుకుని ఉండొచ్చు. పేటెంట్ దరఖాస్తు మామూలుగా తొలి దాఖలు తేదీ నుంచి 18 నెలలకి ప్రచురణ అవుతుంది. అంటే ఈరోజు మీరు చదువుతున్నది వాళ్ల ఏడాదిన్నర కిందటి ఆలోచన. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు చాలాసార్లు ఉత్పత్తి కంటే ముందే బయటపడుతుంది. లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదికలో నిర్మాణంలో ఉన్న ఆస్తుల పద్దు చూడాలి. ఆ అంకె ఒక ఏడాది ఉబ్బి మరుసటి ఏడాది తగ్గి, యంత్రాల పద్దు పెరిగితే లైను పూర్తయినట్టే. కోర్టు రికార్డులు, టెండర్ ఫలితాలు చాలామంది చూడనే చూడరు. నా లెక్కలో అవే బంగారం.

ఫ్యాక్టరీ గేటు ముందున్న పబ్లిక్ రోడ్డు మీద నిలబడి బయటికొచ్చే లారీలు లెక్కపెట్టుకోవచ్చు. రోజుకి 12 లారీలు, ఒక్కోదానిలో 9 టన్నులు, నెలకి 26 పనిదినాలు అనుకుంటే 2,808 టన్నులు. ఈ అంకెని ఇలాగే రిపోర్టులో పెడితే మాత్రం తప్పు. కొన్ని లారీలు ఖాళీగా పోతాయి, కొన్నిట్లో ముడిసరుకు వాపసు పోతుంది, నెలాఖరులో రద్దీ ఎక్కువ. కనీసం రెండు వేర్వేరు వారాలు, అందులో ఒకటి నెలాఖరు వారం, చూసి ‘2,200 నుంచి 2,800 మధ్య’ అని రాయండి.

అదే రోడ్డు మీంచి డ్రోన్ లేపితే కథ మారిపోతుంది. 1969లో టెక్సస్‌లోని బోమాంట్‌లో డుపాంట్ కంపెనీ మెథనాల్ ప్లాంట్ కడుతుండగా, ఎవరో పురమాయిస్తే ఇద్దరు ఫొటోగ్రాఫర్లు విమానంలోంచి ఫొటోలు తీశారు. అప్పటికి పైకప్పు వేయలేదు. వాళ్లు ఎవరి స్థలంలోనూ కాలు పెట్టలేదు, వైమానిక నిబంధనలు మీరలేదు. అయినా 1970లో అప్పీలు కోర్టు అది సరైన పద్ధతి కాదంది. కడుతున్న ప్లాంటు మొత్తానికీ కప్పు వేసి దాచుకోమనడం అన్యాయమన్నది దాని వాదన. వాళ్లు మామూలు జాగ్రత్త తీసుకున్నాక కూడా ప్రత్యేక సరంజామాతో చూడాల్సి వస్తోందంటే, మీరు గీత దాటుతున్నట్టు.

ఉత్పత్తిని విప్పి చూడడం

బజార్లో కొన్న వస్తువుని విప్పి, కొలిచి, పరీక్షించి తెలుసుకోవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 1974లో ఈ మాట చెప్పింది, ఐరోపా ఆదేశమూ ఒప్పుకుంటుంది. అయితే నాలుగు చోట్ల కాలు జారుతుంది. వస్తువు మీ సొంతమై ఉండాలి, అద్దెకి తెచ్చినదో గోప్యత ఒప్పందం కింద ఇచ్చిన శాంపిలో కాకూడదు. బిల్లు కంపెనీ పేరున తీసుకుని దాచండి. సాఫ్ట్‌వేర్ అయితే లైసెన్స్ షరతుల్లో విప్పి చూడకూడదని ఉందేమో లాయర్‌తో చదివించండి, డెమో ఖాతా కోసం దొంగ కంపెనీ పేరు పెట్టకండి. నాలుగోది, ఎలా పనిచేస్తుందో తెలిసినంత మాత్రాన తయారుచేసే హక్కు రాదు, పేటెంట్ అడ్డు రావొచ్చు.

మనుషులతో మాట్లాడడం

పత్రాలతో తేలని చోట మనుషుల్ని అడగాల్సి వస్తుంది. ఈ వృత్తిలోని వాళ్ల సంఘం స్కిప్ నీతి నియమావళిలో ముఖ్యమైన నియమం చిన్నదే: ఇంటర్వ్యూకి ముందు మీరెవరో, ఏ సంస్థవాళ్లో చెప్పండి. దీన్ని తప్పించుకోడానికి వాడే వేషాల్లో బాగా అరిగిపోయింది ‘కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నా సార్’ అనేది. దొంగ ఉద్యోగ ప్రకటన వేసి పోటీ కంపెనీవాళ్లని ఇంటర్వ్యూకి పిలిచి కూపీ లాగడం, కొనే ఉద్దేశమే లేకుండా కస్టమర్ వేషంలో కొటేషన్ అడగడం, ఎగ్జిబిషన్‌లో మెళ్లో బ్యాడ్జి తిప్పేసుకోవడం కూడా ఆ కోవలోవే. 2006లో హ్యూలెట్ ప్యాకార్డ్ తన బోర్డులోంచి లీకులు ఎలా పోతున్నాయో తేల్చడానికి డిటెక్టివ్‌లని పెట్టింది. వాళ్లు డైరెక్టర్లలా, విలేకరుల్లా నటించి ఫోన్ కాల్ వివరాలు సంపాదించారు. ఛైర్మన్ పదవి పోయింది, కాలిఫోర్నియా రాష్ట్రంతో రాజీకి కోటీ 45 లక్షల డాలర్లు అయ్యాయి. అక్కడ వెతికింది పోటీదారు రహస్యం కాదు, సొంత ఇంటి లీకు. దెబ్బ తగిలింది మారువేషం వల్ల.

పోటీ కంపెనీ పంపులు వాడే ఒక ప్లాంట్ ఇంజనీర్‌కి ఫోన్ చేస్తున్నారనుకోండి. ఇలా మొదలుపెట్టవచ్చు:

‘నమస్కారమండీ. నా పేరు ఫలానా, ఫలానా పంపుల కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను. మీరు వాడే పంపుల కంపెనీకి మేం పోటీదారులం. సర్వీసు విషయంలో మీలాంటి వాళ్లకి ఏది నచ్చుతోంది, ఏది ఇబ్బందిగా ఉందన్నది తెలుసుకుంటున్నాం. ఓ పది నిమిషాలు మాట్లాడొచ్చా? ఒప్పందం ప్రకారం చెప్పకూడనివి ఉంటే దయచేసి చెప్పొద్దండీ, నేనూ అడగను.’

ఇలా చెబితే ఎవరు మాట్లాడతారని సేల్స్ వాళ్లు నవ్వుతారు. కొందరు పెట్టేస్తారు, నిజమే. మాట్లాడేవాళ్లు మాత్రం నిదానంగా, నమ్మకంగా మాట్లాడతారు, రెండోసారి ఫోన్ చేసినా ఎత్తుతారు. ఇక ప్రశ్నల సంగతి. ‘స్పేర్ పార్ట్ రావడానికి ఎన్ని రోజులు పడుతోంది?’ అడగొచ్చు. ‘వాళ్లిచ్చిన కొటేషన్ ఒకసారి ఫార్వర్డ్ చేస్తారా?’ అడగకూడదు. ఆయన మాటల మధ్యలో ‘ఇది మన మధ్యే ఉండాలి’ అన్నాడంటే అక్కడే ఆపండి. ఆ మాటకి అర్థం, ఆయన తన కంపెనీకిచ్చిన మాట తప్పబోతున్నాడని.

చట్టం పట్టించుకోని ఒక నష్టం కూడా ఉంది. తియ్యగా మాట్లాడి రిసెప్షన్‌లో కుర్రాడి చేత షిఫ్ట్ చార్ట్ చెప్పించుకున్నారు. కేసు కాకపోవచ్చు. రేపు బయటపడితే ఉద్యోగం పోయేది ఆ కుర్రాడిది. సమాచారం ఇచ్చినవాడికి హాని జరిగేట్టుంటే ఆ దారి వదిలేయండి. రైల్లో పక్క సీట్లో ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటే చెవిన పడడం వేరు. వాళ్ల టికెట్ కనుక్కుని వెనక సీటు బుక్ చేసుకోవడం వేరు, ల్యాప్‌టాప్ తెరకి ఫొటో తీయడం ఇంకా వేరు.

పోటీ కంపెనీ మనిషే ధర చెబితే

పోటీదారుల మధ్య భవిష్యత్ ధరలు, డిస్కౌంట్లు, ఉత్పత్తి కోతలు, ఎవరు ఏ కస్టమర్‌ని చూసుకోవాలన్న మాటలు నడిస్తే వ్యాపార రహస్యం ప్రశ్న పక్కకి పోయి పోటీ చట్టం ముందుకొస్తుంది. ఇద్దరూ ఇష్టపడి చెప్పుకున్నా సరే, ఆ ఇష్టమే నేరం. నెదర్లాండ్స్ మొబైల్ కంపెనీలు డీలర్ల కమిషన్ గురించి మాట్లాడుకున్న కేసులో, ఒక్క సమావేశం చాలని ఐరోపా న్యాయస్థానం 2009లో చెప్పింది. ‘నేనేం మాట్లాడలేదు, విన్నానంతే’ అన్నది కూడా నిలబడదు. వ్యాపార సంఘం సమావేశంలో ధరల మాట వస్తే చేయవలసింది ఇది: అభ్యంతరం పైకి, అందరూ వినేలా చెప్పండి. ఆపకపోతే లేచి బయటికి రండి. మీరు ఎప్పుడు బయటికెళ్లారో సమావేశం మినిట్స్‌లో, అంటే చర్చల రికార్డులో, రాయమనండి. ఆ రోజే మీ లాయర్‌కి రాతపూర్వకంగా తెలపండి. మెయిల్‌లో వస్తే మౌనంగా ఊరుకోవద్దు, ‘ఇలాంటివి మాకు పంపవద్దు, మేం వాడము’ అని జవాబివ్వండి. ఆ జవాబు ఏం రాయాలో ముందు లాయర్‌కి చూపిస్తే మేలు.

అడక్కుండా వచ్చిపడేవి

వెతికి తెచ్చుకున్నదాని కంటే వెతుక్కుంటూ వచ్చినదే ఎక్కువ ముంచుతుంది. 2006లో కోకాకోలా రహస్యాలు అమ్ముతామంటూ పెప్సీకి ఒక ఉత్తరం వచ్చింది. పెప్సీ ఆ ఉత్తరాన్ని కోకాకోలాకే అందజేసింది, ఎఫ్‌బీఐ వల పన్నింది. రహస్యాలు బయటికి తెచ్చిన ఉద్యోగినికి 2007లో 8 ఏళ్ల శిక్ష పడింది.

దారి తప్పి వచ్చిన మెయిల్, గుర్తు తెలియని కవరు, మాజీ ఉద్యోగి ఇచ్చిన పెన్‌డ్రైవ్, ఏదైనా పద్ధతి ఒకటే. సంగతి అర్థమైన వాక్యం దగ్గరే చదవడం ఆపండి. ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, ‘చూడు ఏం దొరికిందో’ అని పై అధికారికి కూడా. ప్రింటు వద్దు, కాపీ వద్దు. డిలీట్ అస్సలు వద్దు. దాచిపెట్టడానికి చెరిపేశారన్న ఆరోపణ, చదివారన్న ఆరోపణ కంటే బరువైనది. వచ్చిన సమయం, ఎవరి నుంచి, ఎంతవరకు చదివారన్నది ఒక కాగితం మీద రాసి లాయర్‌కి ఫోన్ చేయండి. ఆ ఫైలుని వేరుచేసి తాళం వేయడం, అటువాళ్లకి తెలపడం ఆ లాయర్ పని.

కొత్త ఉద్యోగి తెచ్చే సామాను

పోటీ కంపెనీ నుంచి మంచి మనిషి చేరాడంటే అందరికీ సంబరమే. 2017 ఫిబ్రవరిలో గూగుల్ కుటుంబానికి చెందిన డ్రైవర్ లేని కార్ల కంపెనీ వేమో వేసిన దావా కూడా ఇలాంటి రాకపోక గురించే. వెళ్లిపోయే ముందు ఒక ఇంజనీర్ 14,000కి పైగా ఫైళ్లు దింపుకున్నాడని, అవి ఊబర్‌కి ఉపయోగపడ్డాయని ఆరోపణ. ఏడాది తర్వాత ఊబర్ సుమారు 24.5 కోట్ల డాలర్ల విలువైన వాటా ఇచ్చి రాజీ పడింది. ఇంజనీర్‌కి 2020లో 18 నెలల శిక్ష పడింది, 2021 జనవరిలో క్షమాభిక్ష దొరికింది.

జాగ్రత్త ఇంటర్వ్యూలోనే మొదలవ్వాలి. ‘అక్కడ మార్జిన్ ఎంతుంటుంది?’ అన్న ప్రశ్న ప్యానెల్‌లో ఎవరూ వేయకూడదు. వేస్తే అభ్యర్థిని పురిగొల్పినట్టే. ఆఫర్ లెటర్‌లో, పాత యజమాని పత్రాలు ఏ రూపంలోనూ తేకూడదన్న వాక్యం ఉండాలి. చేరిన రోజు సంతకం చేయించేటప్పుడు చోట్లన్నీ పేరుపేరునా అడగండి: సొంత మెయిల్, క్లౌడ్ ఖాతా, పాత ఫోన్, వాట్సాప్ గ్రూపులు, ఇంట్లో నోటుపుస్తకం. ఎవరి దగ్గరైనా ఏదో ఒకటి మిగిలే ఉంటుంది, చాలావరకు దురుద్దేశంతో కాదు. ఉందని చెబితే చెరపమనకండి, వాళ్ల సొంత లాయర్ ద్వారా తిరిగివ్వమనండి. పాత చోట చేసిన పనికి అచ్చంగా సరిపోలే ప్రాజెక్టులో మొదటి నెలల్లో పెట్టకుండా ఉంటే మంచిది. ‘కాపీ చేయలేదు, గుర్తున్నది రాశానంతే’ అన్నది కూడా రక్షణ కాదు. కంఠస్థం చేసిన కస్టమర్ల జాబితా కూడా జాబితానే. వృత్తి నైపుణ్యం, రంగం మీద అవగాహన మాత్రం ఆ మనిషివే, వాటిని ఎవరూ లాక్కోలేరు.

ఇంటర్నెట్‌లో

పాస్‌వర్డ్ ఉన్న చోట మీది కాని పాస్‌వర్డ్ వాడారంటే ఇక చర్చ లేదు. బేస్‌బాల్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ అధికారి ఒకరు ప్రత్యర్థి హ్యూస్టన్ ఆస్ట్రోస్ డేటాబేస్‌లోకి చొరబడ్డందుకు 2016లో 46 నెలల శిక్ష పడింది. జట్టు మారిన ఉద్యోగి పాత పాస్‌వర్డ్‌ని పోలిన పాస్‌వర్డే పెట్టుకోవడం ఆయనకి దారి ఇచ్చింది.

లాగిన్ అక్కర్లేని పేజీల్ని ప్రోగ్రాంతో సేకరించడం సందిగ్ధమైన చోటు. లింక్డ్‌ఇన్ మీద హైక్యూ అనే డేటా విశ్లేషణ కంపెనీ నడిపిన కేసులో, బహిరంగ పేజీలు చూడడం హ్యాకింగ్ చట్టం కిందికి వచ్చేట్టు లేదని అమెరికా అప్పీలు కోర్టు 2022లో అంది. అదే ఏడాది కింది కోర్టు, హైక్యూ సైటు షరతులు మీరినట్టేనని తేల్చింది. అంటే జైలు భయం లేకపోయినా దావా భయం ఉంది. షరతులు చదవండి, ఖాతా సృష్టించి సేకరించకండి, సర్వర్‌కి భారమయ్యేంత వేగంతో లాగకండి. ఉద్యోగుల పేర్లు మాత్రం కూడబెట్టవద్దు. ‘టెస్టింగ్ విభాగంలో 14 ఖాళీలు’ అన్నది మీకు చాలు. ఐరోపాలో వ్యక్తిగత డేటా నిబంధనలు మీరితే జరిమానా 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా పోవచ్చు.

ఏజెన్సీకి అప్పగిస్తే

2001లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తరఫున పనిచేస్తున్నవాళ్లు యూనీలివర్ చెత్తకుండీలు గాలించి కాగితాలు తెచ్చారు. విషయం పైకి తెలిశాక కంపెనీ తనే యూనీలివర్‌కి చెప్పుకుని, కాగితాలు తిరిగిచ్చి, రాజీ చేసుకుంది. చెత్తలో వెతకడం కొన్నిచోట్ల చట్టవిరుద్ధం కాదు. అయినా వాళ్ల సొంత నియమాలు దాన్ని ఒప్పలేదు. ఏజెన్సీ ఒప్పందంలో కనీసం ఇవి ఉండాలి: వాడబోయే పద్ధతుల జాబితా, మీ అనుమతి లేకుండా కిందివాళ్లకి పని అప్పగించరాదన్న షరతు, ప్రతి వాస్తవానికీ అది వచ్చిన దారి రాసివ్వాలన్న నిబంధన, ఆ రికార్డులు తనిఖీ చేసే హక్కు. ‘సమాచారం దొరికితేనే ఫీజు’ పద్ధతి పెట్టకండి. అది గోడ దూకమని డబ్బులిచ్చినట్టు ఉంటుంది. మార్కెట్ అంచనా అడిగితే రూపాయి తేడా లేకుండా పోటీదారు ఉత్పత్తి ఖర్చు ఇచ్చారంటే సంతోషపడకండి. ఎలా వచ్చిందో అడిగి, జవాబు కుదరకపోతే లాయర్ దగ్గరికి పంపండి.

రాసిపెట్టుకోవడం

ఒక్క స్ప్రెడ్‌షీట్ చాలు. తేదీ, సంగతి, ఎక్కడిది, ఎవరు సేకరించారు, ఎలా పరిచయం చేసుకున్నారు, నమ్మిక. నమ్మికకి సైనిక గూఢచారి విభాగాల పాత పద్ధతి బాగుంటుంది: ఆధారానికి ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం, సంగతికి 1 నుంచి 6 దాకా ఒక అంకె. ఏ, 1 అంటే అన్నిటికంటే ఎక్కువ నమ్మకం. రెంటినీ విడిగా వేయడంలోనే మర్మం ఉంది. నమ్మదగిన మనిషి కూడా విన్నమాట చెప్పొచ్చు. ఒక వరస ఇలా ఉంటుంది: ‘మార్చి 4. స్పేర్ పార్ట్‌కి 21 రోజులు పడుతోంది. కస్టమర్ ప్లాంట్ ఇంజనీర్, ఫోన్. మా కంపెనీ పేరు, పోటీదారులమన్న సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాం. గోప్యత మాట రాలేదు. బీ2.’ మనిషి పేరు ఇందులో అక్కర్లేదు, హోదా చాలు.

‘ఎలా పరిచయం చేసుకున్నారు’ గడి ఖాళీగా ఉన్న వరస ఏదీ రిపోర్టులోకి పోకూడదు. రిపోర్టు భాష మీద కూడా కన్నేసి ఉంచండి. ‘లోపలి మనిషి చెప్పాడు’, ‘వాళ్ల గుట్టు లాగేశాం’ అని గొప్పకి రాసుకున్న మాటలు ఏ తప్పూ లేని పనిని కూడా కోర్టులో దొంగతనంలా చూపిస్తాయి. ‘అనుమతి దరఖాస్తు 17వ పేజీ ప్రకారం’ అని రాస్తే చప్పగానే ఉంటుంది. ఉండనివ్వండి.